మెఫీబోషెతు మాట వినకుండానే తీర్పు

కృష్ణా నదికి ఇవతలి ఒడ్డున నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల. అవతలి ఒడ్డున నంద్యాల జిల్లా సిద్ధేశ్వరం. మధ్యలో శ్రీశైలం జలాశయపు నీళ్లు. ఈ రెండు ఒడ్లనూ కలిపే తీగల వంతెనకు కేంద్ర ప్రభుత్వం 2022లో ఆమోదం తెలిపింది. వంతెన మాట ఎలా ఉన్నా, ఇక్కడి వాళ్లకు ఏళ్ల తరబడి దారి చూపింది పడవే. నది రెండు రాష్ట్రాల సరిహద్దు కావచ్చు. చుట్టరికాలకు మాత్రం అది ఎప్పుడూ అడ్డు కాలేదు.

కానీ పింఛను విషయంలో ఈ నది పెద్ద గీతే గీసింది. తెలంగాణ ఒడ్డున దివ్యాంగుల పింఛను 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలు అయింది. ఆంధ్రప్రదేశ్ ఒడ్డున 2024 జూలై నుంచి 6,000 రూపాయలు అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి అక్కడ 15,000 నిర్ణయించారు. ఈ మొత్తాల్లో కేంద్ర ప్రభుత్వ వాటా ఎంతో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జాతీయ దివ్యాంగుల పింఛను పథకం కింద కేంద్రం ఇచ్చేది నెలకు 300 రూపాయలు. అదీ దారిద్ర్య రేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం ఉన్నవారికే. మిగతా భారమంతా రాష్ట్రాలదే.

మొత్తం వేరైనా, రెండు ఒడ్లనూ కలిపే అంకె ఒకటుంది. నలభై శాతం. వైద్యుల బోర్డు వైకల్యం నలభై శాతమో అంతకు మించో ఉందని రాస్తే పింఛనుకు దారి తెరుచుకుంటుంది. ముప్పై ఎనిమిది అని రాస్తే మూసుకుంటుంది. ఆ రెండు శాతం తేడా ఒక ఇంట్లో మందుల ఖర్చు కావచ్చు, బియ్యం కావచ్చు, ఒక ముసలి తల్లి కోడలి ముందు చేయి చాపకుండా ఉండగలిగే గౌరవం కావచ్చు.

ప్రియ పాఠకులారా, ఆ అంకె మీద "కాదు" అని రాసి ఇంటికి పంపినప్పుడు ఒక మనిషి ఏం చేయగలడు? ఆ మనిషి మన సంఘంలో ఆదివారం ఆఖరి వరుసలో కూర్చునేవాడైతే సంఘం ఏం చేయగలదు? ఈ వారం ఈ ప్రశ్నలను ఆలోచిద్దాం.

అవతలి ఒడ్డున ఏం జరిగింది

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో దివ్యాంగుల, ఆరోగ్య పింఛన్ల పునఃపరిశీలన మొదలుపెట్టింది. అనర్హులు బోగస్ సర్టిఫికెట్లతో పింఛను తీసుకుంటున్నారనేది ప్రభుత్వం చెప్పిన కారణం. మొదట మంచాన పడ్డవారి ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లాయి. తర్వాత మిగిలినవారిని ఆసుపత్రులకు పిలిచారు. ఆగస్టు వచ్చేసరికి లక్ష మందికి పైగా నోటీసులు అందాయి. మీ వైకల్యం నలభై శాతం కంటే తక్కువ అని కొందరికి, మీది తాత్కాలిక వైకల్యం అని మరికొందరికి. సెప్టెంబరు నుంచి పింఛను ఆగిపోతుందన్నది సారాంశం.

రోడ్ల మీద నిరసనలు జరిగాయి. చక్రాల కుర్చీల్లో, ఊతకర్రలతో జనం కార్యాలయాల ముందుకు వచ్చారు. ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గింది. అర్హులు ఎవరికీ అన్యాయం జరగదని, అప్పీలు చేసుకోవచ్చని, గ్రామాల్లో ఎంపీడీఓకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు దరఖాస్తు ఇస్తే మళ్లీ వైద్య పరీక్ష చేయిస్తామని చెప్పింది. అప్పీలు చేసుకున్నవారికి సెప్టెంబరు పింఛను కూడా ఇచ్చింది.

ఇందులో మెచ్చుకోవలసినది ఉంది, ప్రశ్నించవలసినదీ ఉంది. పొరపాటును సరిదిద్దుకునే దారి తెరవడం మంచిదే. కానీ ఆ దారి మొదటి రోజే తెరిచి ఉండాలి. ముందు కోత చెప్పి, గొడవ జరిగాక అప్పీలు చెప్పడం తలకిందులైన వరుస. కాళ్లు లేని మనిషి తన కాళ్లు లేవని నిరూపించుకోవడానికి రెండోసారి, మూడోసారి బస్సెక్కవలసి వచ్చింది. ఆ బస్సు చార్జీ, తోడు వచ్చినవాడి కూలీ ఏ లెక్కలోకీ రాలేదు.

సోమశిల వారు ఇది అవతలి ఒడ్డు కథ అనుకోవద్దు. సదరం శిబిరంలో తక్కువ శాతం వచ్చి వెనక్కి తిరిగిన ఇళ్లు ఈ ఒడ్డునా ఉన్నాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడక ముందు జిల్లా కేంద్రమంటే మహబూబ్‌నగర్. ఇప్పుడు దూరం తగ్గింది. అయినా సోమశిల నుంచి కొల్లాపూర్, కొల్లాపూర్ నుంచి నాగర్‌కర్నూల్ పోయి రావడానికి నడవలేని మనిషికి ఒక రోజు పడుతుంది. ఆ రోజు చివర "కాదు" అన్న మాట వింటే, మళ్లీ బయలుదేరే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

"కాదు" అన్నది ఎవరు?

తిరస్కరణకు గురైనవారు ఎక్కువగా చేసే పొరపాటు తప్పుడు తలుపు తట్టడం. పింఛను రాకపోవడం వెనుక రెండు వేర్వేరు నిర్ణయాలు ఉంటాయి.

మొదటిది వైద్యుల నిర్ణయం. వైకల్యం ఎంత శాతం, శాశ్వతమా తాత్కాలికమా అన్నది వైద్య బోర్డు తేలుస్తుంది. దీన్ని సర్పంచ్ మార్చలేడు, ఎమ్మెల్యే మార్చలేడు, మార్చకూడదు కూడా. రెండోది పింఛను మంజూరు నిర్ణయం. వయసు, ఆదాయం, ఇంట్లో మరొకరికి పింఛను ఉందా, ఆధార్ వివరాలు సరిపోయాయా అన్నవి చూసి అధికారులు తేలుస్తారు. దీన్ని డాక్టర్ మార్చలేడు. నలభై శాతం దాటిన సర్టిఫికెట్ చేతిలో ఉన్నా పింఛను రాలేదంటే ఎంపీడీఓ కార్యాలయాన్ని అడగాలి. సర్టిఫికెట్‌లోనే శాతం తగ్గితే వైద్య నిర్ణయం మీద అప్పీలుకు వెళ్లాలి. ఏ తలుపు తట్టాలో తెలియాలంటే ముందు కారణం తెలియాలి. కారణం నోటి మాటగా కాదు, కాగితం మీద కావాలి.

ఆ కాగితం అడగడం హక్కు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం కింద చేసిన నియమాల ప్రకారం సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణాలను లిఖితపూర్వకంగా తెలియజేయాలి. చట్టంలోని 59వ సెక్షన్, సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయంతో నష్టపోయిన ఎవరైనా రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లవచ్చని చెబుతుంది. ఇది ఎవరి దయా కాదు. పార్లమెంటు చేసిన చట్టం.

శాతం లెక్కలో తెలుసుకోవలసిన ఒక సంగతి ఉంది. సోమశిలలో ఒక అమ్మ ఉందనుకుందాం. చిన్నప్పుడు వచ్చిన పోలియోతో ఒక కాలు సన్నబడింది. కాలికి వైద్యులు 30 శాతం ఇచ్చారు. చూపు కూడా దెబ్బతింది, దానికి 20 శాతం. విడివిడిగా చూస్తే రెండూ నలభై లోపే. రెండూ కలిపితే యాభై అనుకుంటాం, అదీ సరికాదు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పెద్ద అంకెను యథాతథంగా తీసుకుని, చిన్న అంకెను తొంభైలో మిగిలిన భాగానికి తగ్గట్టు తగ్గించి కలుపుతారు. అంటే తొంభైలో ముప్పై పోగా మిగిలినది అరవై. అది తొంభైలో మూడింట రెండు వంతులు. ఇరవైలో మూడింట రెండు వంతులు సుమారు 13. ముప్పైకి 13 కలిపితే 43. ఆ అమ్మ అర్హురాలే! కానీ శిబిరంలో ఎముకల డాక్టర్ ఒక్కరే చూసి, కంటి సంగతి ఎవరూ అడగకపోతే ఆమె చేతికి వచ్చేది "30 శాతం" అన్న కాగితం. అప్పీలులో ఆమె వేయవలసిన ప్రశ్న ఇది: నా రెండు వైకల్యాలనూ కలిపి చూశారా?

తగ్గిన ప్రతి శాతం వెనుక కుట్ర ఉందని మేము అనడం లేదు. శిబిరంలో రద్దీ ఉంటుంది. పాత రిపోర్టులు తెచ్చుకోనివారు ఉంటారు. బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి వంటివి ఐదు నిమిషాల చూపులో తేలేవి కావు. మంచి రోజున వచ్చిన రోగి ఆరోగ్యవంతుడిలా కనిపిస్తాడు. మనుషులు చేసే పనిలో పొరపాటు ఉంటుంది కాబట్టే చట్టం అప్పీలు పెట్టింది.

ఇది మన దేశంలో మాత్రమే ఉన్న సమస్య కాదు. బ్రిటన్‌లో దివ్యాంగుల భృతిని తిరస్కరిస్తే, ముందు అదే శాఖను పునఃపరిశీలన అడగాలి. ఆ తర్వాత శాఖతో సంబంధం లేని స్వతంత్ర ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ విచారణ దాకా వెళ్లినవారిలో సగానికి మించి గెలుస్తూ వచ్చారు. దీని అర్థం ఏమిటి? మొదటి "కాదు"తోనే ఇంట్లో కూర్చున్నవారిలో ఎంతోమంది నిజానికి అర్హులే అయి ఉంటారు. మన దగ్గర అలాంటి స్వతంత్ర ట్రిబ్యునల్ లేదు. ఎక్కువగా, కాదన్న యంత్రాంగమే మళ్లీ చూస్తుంది. అందుకే మన అప్పీలులో కాగితాలు మరింత బలంగా ఉండాలి.

మన సుప్రీంకోర్టు కూడా 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో ఈ దిశగా ఒక ముఖ్యమైన మాట చెప్పింది. అది వైద్య విద్య ప్రవేశానికి సంబంధించిన కేసు. వైకల్యం శాతం అంకె ఒక్కటే చూసి విద్యార్థిని తోసిపుచ్చకూడదని, అతడు ఏం చేయగలడో బోర్డు పరిశీలించి కారణాలు రాయాలని ఆ తీర్పు సారం. పింఛనుకు అది నేరుగా వర్తించదు. అయినా అంకె వెనుక ఉన్న మనిషిని చూడమన్న ఆ సూత్రం అందరికీ పాఠమే.

రాజు కూడా పొరపడ్డాడు

వాక్యంలో ఒక దివ్యాంగుడి భృతి కథ ఉంది. మనం దాన్ని సగమే బోధిస్తాం.

మెఫీబోషెతు ఐదేళ్ల వయసులో దాది చేతుల్లోంచి పడి రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. దావీదు అతణ్ణి లోదెబారు నుంచి పిలిపించి, సౌలు భూములు తిరిగి ఇచ్చి, తన బల్ల దగ్గర భోజనం నియమించాడు. రెండవ సమూయేలు తొమ్మిదవ అధ్యాయంలోని ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. కృపకు ఇంతకంటే మంచి చిత్రం లేదు.

పదహారవ అధ్యాయంలో ఏం జరిగింది? అబ్షాలోము తిరుగుబాటులో దావీదు పారిపోతున్నప్పుడు సేవకుడు సీబా గాడిదల మీద రొట్టెలు, పండ్లు వేసుకుని ఎదురొచ్చాడు. నీ యజమాని ఎక్కడ అని రాజు అడిగితే, అతడు రాజ్యం తనకు వస్తుందని యెరూషలేములో ఉండిపోయాడని చెప్పాడు. రాజు అక్కడికక్కడే మెఫీబోషెతు ఆస్తి అంతా సీబాకు ఇచ్చేశాడు. నోటీసు లేదు. విచారణ లేదు. ఆ కుంటివాడి మాట ఎవరూ వినలేదు.

పంతొమ్మిదవ అధ్యాయంలో మెఫీబోషెతు రాజు ఎదుటికి వచ్చాడు. రాజు వెళ్లిన రోజు నుంచి కాళ్లు కడుక్కోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతకలేదు. అతని స్థితే అతని సాక్ష్యం. నేను కుంటివాణ్ణి, గాడిదకు గంత కట్టించి నీతో రావాలనుకున్నాను, నా సేవకుడు నన్ను మోసం చేశాడు అని విన్నవించుకున్నాడు. దావీదు తన తీర్పును మార్చాడు. పూర్తిగా మార్చలేదు, భూమిని ఇద్దరికీ పంచమన్నాడు. అది సరైన తీర్పా కాదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. కానీ ఒక విషయం స్పష్టం. దేవుని హృదయానుసారుడైన రాజు కూడా ఒకవైపు మాట విని పొరపడ్డాడు. తన మాట చెప్పుకోవడానికి వచ్చిన దివ్యాంగుణ్ణి దేవుని వాక్యం తప్పుపట్టలేదు.

సెలోపెహాదు కుమార్తెలను గుర్తు చేసుకోండి. తండ్రి స్వాస్థ్యం మాకు ఎందుకు రాకూడదని మోషే ఎదుట నిలబడి అడిగారు. దేవుడు వారు అడిగినది న్యాయమేనన్నాడు, చట్టమే మారింది. పౌలు కూడా తన పౌర హక్కును వాడుకుని కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. అప్పీలు చేయడం తిరుగుబాటు కాదు. అవిశ్వాసమూ కాదు.

ఈ మాట ఎందుకు చెప్పవలసి వస్తుందంటే, మన సంఘాల్లో కొందరు దివ్యాంగులు సర్టిఫికెట్‌కు వెళ్లడానికే జంకుతారు. స్వస్థత కోసం ప్రార్థిస్తూ వైకల్యం ఉందని రాయించుకుంటే విశ్వాసం లేనట్టేనా అని లోలోపల నలిగిపోతారు. కాపరులు ఈ భయాన్ని పులపీఠం నుంచే తీసివేయాలి. దేవుని ఎదుట ప్రార్థించడానికీ, బోర్డు ఎదుట నిజం చెప్పడానికీ వైరం లేదు.

సీబా కథకు రెండో వైపు కూడా ఉంది. తనది కానిది అబద్ధంతో సంపాదించాడు. బోగస్ సర్టిఫికెట్‌తో పింఛను తీసుకునేవాడు చేసేదీ అదే. అలాంటి మోసానికి 2016 చట్టంలోనే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మన సంఘంలో అలాంటివారు ఉంటే వారి పక్షాన ఉత్తరం రాయకూడదు. దొంగ సర్టిఫికెట్ ప్రతి ఒక్కటీ నిజమైన దివ్యాంగుడి మీద అనుమానం పెంచుతుంది. పునఃపరిశీలన వద్దని కాదు మన మాట. నిజాయితీగా, ముందుగా చెప్పి, మనిషి మాట విని చేయండన్నదే మన మాట.

సంఘం చేయగలిగినది

అప్పీలుకు పెద్ద చదువు అక్కరలేదు. ఓపిక, తోడు, కాగితాలు కావాలి. ఈ మూడూ సంఘం దగ్గర ఉన్నాయి.

నోటీసు వచ్చిన రోజునే తేదీ రాసి పెట్టించండి. అప్పీలుకు గడువు ఉంటుంది, గడువు దాటితే న్యాయమైన దరఖాస్తు కూడా పక్కకు పోతుంది. నోటీసు ఇవ్వకుండా నోటితో కాదంటే, కారణం రాసి ఇవ్వమని అర్జీ పెట్టించండి. అయినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

పాత సర్టిఫికెట్, ఎక్స్‌రేలు, ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు ఒక సంచిలో తేదీల వరుసలో పెట్టించండి. దానికి ఒక పేజీ జత చేయండి. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఆ మనిషికి ఏ పనికి ఎవరి సాయం కావాలో అందులో రాయండి. బావి దగ్గరికి వెళ్లగలడా, మెట్లు ఎక్కగలడా, ఒంటరిగా బస్సెక్కగలడా. పెంచి రాయకండి. సిగ్గుపడి తగ్గించీ రాయకండి. మన పల్లెల్లో పెద్దవారు డాక్టర్ అడిగితే "బాగానే ఉన్నా బిడ్డా" అంటారు. ఆ ఒక్క మర్యాద మాట శాతాన్ని తగ్గించగలదు.

దరఖాస్తు ఇచ్చిన ప్రతిచోటా రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. అక్కడా పని జరగకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వకీలు అవసరమైతే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

యవనస్థుల్లో ఫోన్ వాడకం బాగా తెలిసిన ఇద్దరిని ఈ పనికి అప్పగించండి. సర్టిఫికెట్ల దరఖాస్తులు ఇప్పుడు ఆన్‌లైన్‌లోకి మారాయి, స్లాట్ దొరకడమే ఒక పోరాటమైంది. స్త్రీల సమాజం వారు తోడు వెళ్లండి. కానుకల్లోంచి ఆటో చార్జీకి కొంత పక్కన పెట్టండి. ఈ సహాయం మన సంఘస్థులకే అని గిరి గీయకండి. పక్కింటి హిందూ సోదరుడికీ ముస్లిం అక్కకూ అదే నలభై శాతం, అదే బస్సు, అదే వరుస.

ప్రభుత్వాలను రెండు ఒడ్ల నుంచీ ఒకే మాట అడుగుదాం. కోతకు ముందు మాట వినండి. అప్పీలు తేలేదాకా పింఛను ఆపకండి. కారణం తెలుగులో, అర్థమయ్యేలా రాసి ఇవ్వండి. కదలలేని మనిషి దగ్గరికి మీరే వెళ్లండి.

దావీదు మెఫీబోషెతును లోదెబారు నుంచి పిలిపించినప్పుడు అతడు తనంతట తాను నడిచి రాలేదు. రాజు మనుషుల్ని పంపి తీసుకొచ్చాడు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, మీ ఆఖరి వరుసలో చేతిలో కాగితం మడిచిపెట్టుకుని కూర్చున్నవారి దగ్గరికి వెళ్లి, ఆ కాగితం ఒకసారి చూపించమని అడగండి.